వైరమున మొలకెత్తు వలపు: క్రీడానవలలను గూర్చి

నేడు యువతులు మిక్కిలి మక్కువతో జదువుచున్న నవలల తెగ యొకటి కలదు. అందు నాయికానాయకులలో నొకరైనను క్రీడలయందు బేరు గన్నవారై యుందురు. వారిరువురకును మొదట బొత్తిగా సరిపడదు. ఒకరి మాట యొకరికి ములుకై తగులును. మూడువందల పుటలు గడచిన గాని మనసిచ్చి చేయి పట్టుకొనుట సంభవింపదు. కడపట వివాహమో, వివాహమువంటి దొకటియో జరుగును. ఇంతియే కథ. ఈ కథనే యమెరికా, ఇంగ్లండు దేశముల రచయిత్రులు మఱల మఱల వ్రాయుచున్నారు. మన నగరములలోని పుస్తకశాలలయందును ఇవి యరలు నిండి కానవచ్చుచున్నవి.

వీనిని జదువు కూతును జూచి తండ్రి పెదవి విఱుచును. తల్లి పుస్తకమును దాచును. చదువుకొన్న యన్న నవ్వును. ఈ మువ్వురలో నెవరును దానిని జదివి యుండరు. చదువకయే తీర్పు చెప్పుట మనకు గ్రొత్త గాదు. మేము వీనిలో గొన్నింటిని మొదటినుండి తుదివఱకు జదివితిమి. అందు జెత్త గలదు. చెత్త గానిదియు గలదు. వీని యాకర్షణ యెక్కడ నున్నదో, అందు మనము జంకవలసిన దేమున్నదో విచారింప బూనుకొంటిమి.

వైరముతో నారంభమగు ప్రేమ క్రొత్తది గాదు. షేక్స్పియరు నాటకమున బియాట్రిసును బెనెడిక్కును మాటలతో గత్తులు దూసికొనిన పిదపనే యొకటగుదురు. 1813లో వెలువడిన జేను ఆస్టిను నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో డార్సీ నృత్యసభయందు ఎలిజబెత్తును జూచి, తన మనసు గొనదగినంత చక్కనిది కాదని యామె చెవిని బడునట్లే పలుకును. కథ నడిమికి వచ్చునప్పటికి వాడే యామెను వివాహమాడుమని యడుగును. అదియు దన యంతస్తును, ఆమె బంధువుల లోపములను నెంచి చూపుచు నడుగును. ఆమె కాదనును. ఆ 'కాదు' అనుమాటతోనే నవల నిజముగ నారంభమగుచున్నదని మా యభిప్రాయము. నేటి క్రీడానవలల నాయకులలో బెక్కండ్రు ఆ డార్సీకి మునిమనుమలే.

మన వాఙ్మయమున నిట్టిది లేకపోలేదు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు తెనిగించిన జైమినిభారతమునందు స్త్రీరాజ్యమేలు ప్రమీల యశ్వమేధాశ్వమును గట్టివైచి యర్జునునితో బోరును; అశరీరవాణి పలుకగా బోరు మాని వివాహమునకు సమ్మతింతురు. ఆకాశము పలికిన యా యొక్క క్షణమును నాలుగువందల పుటలుగ సాగదీసినచో నేటి నవల యగును. ఇందాకాశము పలుకదు. అంతరంగమే కొంచెము కొంచెముగ బలుకవలెను, ఆ పలుకును విన నిష్టములేని చెవితో నాయిక వినవలెను.

ఇచ్చట నొక భేదమును గుర్తింపవలసియున్నది. విశ్వనాథాదులగు మన యాలంకారికులు విప్రలంభశృంగారమును బూర్వరాగము, మానము, ప్రవాసము, కరుణము నని నాలుగు విధములుగ విభజించిరి. ఈ నవలల కలహమును మానమని పలువురు భ్రమపడవచ్చును. కాని మానమునందు బ్రేమ ముందు, అలుక వెనుక. పారిజాతాపహరణమున సత్యభామ యెంత యలిగినను, ఆమెకు శ్రీకృష్ణునిపై బ్రేమ గలదా యను సందేహ మెవ్వరికిని గలుగదు. ఎప్పుడు సమాధానపడుదురా యనియే మనము చూతుము. ఈ నవలలయందా క్రమము తలక్రిందులైనది. అలుక ముందు, ప్రేమ వెనుక. కావున జదువరి 'ఎప్పుడు కలియుదురు' అని కాక 'ఏ పూట మనసు మాఱినది' యని వెదకుచు జదువును. ముందునకు జదువుచునే వెనుకటి పుటలను దిరుగవేయును. ఈ దేవులాటయే వీని ప్రధానమైన రుచి. దీనికి మన శాస్త్రమున బేరు లేదు.

ఇక క్రీడ యేల? న్యాయవాదులను బెట్టి యిట్టి కథ వ్రాయరాదా యన్నచో, వ్రాయవచ్చును; వ్రాయుచునే యున్నారు. కాని క్రీడయందు మఱియెక్కడను దొరకని యొక సదుపాయము గలదు. క్రీడ యనగా నియమములకు లోబడిన వైరము. ఈల యూదిన యారంభమగును, ఈల యూదిన నాగును. ఆ రెండు ఈలల నడుమ నెదుటివానిని ద్వేషించుట తప్పుగాదు సరికదా, కర్తవ్యము. వైరికి దుష్టుడగు నవసరము లేదు. ఎదుటివాని సామర్థ్యమును దెలిసికొననిదే వానిని గెలువరాదు గనుక, వైరియే యందఱికంటె శ్రద్ధగ వానిని జూచుచుండును. ఈ చూపునుండి గౌరవమును, గౌరవమునుండి స్నేహమును, స్నేహమునుండి ప్రేమను దీయుట రచయిత్రి పని. గౌరవమును మెట్టు దాటి దూకినవారి పుస్తకములు చప్పబడినవి.

ఈ పనిని జక్కగ నెఱిగిన రచయిత్రి మారియానా జపాటా. ఆమె 2018లో వెలువరించిన 'ఫ్రమ్ లూకోవ్ విత్ లవ్' అను నవలను గొంచెము విపులముగ జూతము. నాయిక జాస్మిన్ సాంటోసు హ్యూస్టను నగరమున మంచుగడ్డపై బోటీచేయు స్కేటరు. వయసు ఇరువదియాఱు. ఆమెతో జంటగా నాడినవాడు చెప్పక చేయక వేఱొక యువతితో జతకూడి వెడలిపోయెను. జంటలేక యామె యాట నిలిచిపోయినది. అట్టి తరి నైవాన్ లూకోవు తనతో నొక్క యేడు జంటగా నాడుమని యడుగును. ఈ ఐవాను ఆమె ప్రాణస్నేహితురాలి యన్న. ఆమె యభ్యాసము చేయు మంచురంగము వాని కుటుంబముదే. పదియేండ్లకు బైగా నామెకు గంటిలో నలుసు. అడుగుట వాని యక్కఱ, ఒప్పుకొనుట యామె యక్కఱ. ఇరువురును లాభమును లెక్కించుకొనియే చేయి కలుపుదురు.

జంటస్కేటింగు ఎట్టిదో తెలియనిదే యీ నవల బలము దెలియదు. 1908 లండను ఒలింపిక్సునాడే పోటీగ నిలిచిన యీ క్రీడయందు బురుషుడు స్త్రీని దలపై కెత్తి మంచుపై వేగముగ జాఱుచుండును, గాలిలోనికి విసరును, ఆమె గిఱ్ఱున దిరిగి, సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పుగల యుక్కుపలకపై, ఒంటికాలిపై దిగవలెను. నాలుగు నిమిషముల యాటలో నొకసారి వాని చేయి వణకినను ఆమె తల పగులును. పగవానిచేత దల పైకెత్తించుకొనుట! నడుము పట్టుకొనుట, చేయి పట్టుకొనుట, ఊపిరి తగులుట యన్నియు మొదటిదినముననే జరిగిపోవును, అవి పని. అభ్యాసమున బడి లేచిన దెబ్బలు, నీలికమిలిన తొడలు, తెల్లవారుజాముననే మేల్కొనుట, ఇవియే పుటల నిండ. కావున దేహస్పర్శ కథకు గమ్యము గాజాలదు. స్పర్శ మొదటినుండియు గలదు. దాని యర్థము మాత్రము మాఱుచుండును. వంద యభ్యాసములలో వట్టి పట్టుగానున్న చేయి నూటయొకటవ దినమున వేఱుగ దోచును. ఎట్లు వేఱో రచయిత్రి చెప్పదు, నాయికయు నొప్పుకొనదు, చదువరి గ్రహించును.

జాస్మిను మంచిమాటలాడు పిల్ల గాదు. నోరు దురుసు, కోపము మెండు. చదువునందు జిన్ననాటినుండి కష్టపడినది. తండ్రి యామె యాటను వృత్తిగ నెంచడు, ఆ గాయమామె యెదలో మానలేదు. ఐవాను ఆమెను జక్కదిద్ద బూనడు. ఆమె నోటిదురుసు తగ్గకయే యామె ప్రేమింపబడుచున్నది. మన యిండ్లలో 'నోరు తగ్గించుకొన్న గాని నిన్నెవడు చేసికొనును' అను మాట వినని యాడుపిల్ల యరుదు గదా. ఈ పుస్తకమును దిండుక్రింద దాచుకొను పిల్ల దేనికై దాచుకొనుచున్నదో పెద్దలు కొంచెము యోచింపవలెను.

ఇక నిదానము. ఆంగ్లమున దీనికి 'స్లో బర్న్' అని పేరు. మన వంటయింటి వారికి దీనిని వివరింప బనిలేదు. పొయ్యిమీద బొంగిన పాలకును, పిడకల దాలిలో బ్రొద్దుటినుండి సాయంకాలము వఱకు గాగి యెఱ్ఱబాఱిన పాలకును గల భేద మెఱిగినవారే. దాలిపాలను గాచునది మంటయా, కాలమా యని యడిగిన జెప్పుట కష్టము. అయితే నిదాన మంతయు నిదానము గాదు, సాగదీత వేఱు. జపాటాయే 2015లో వ్రాసిన 'కుల్టి'లో, పేరుమోసిన జర్మను ఫుట్‌బాలు ఆటగాడొకడు ఆట మాని, నాయిక యాడు స్త్రీల జట్టుకు శిక్షకుడై వచ్చును. చిన్ననాట నామెకు వాడు దేవుడు. ఇప్పుడు పలుకని, నవ్వని, జట్టునెవరిని గన్నెత్తి చూడని మొండిమనిషి. మొదటి వంద పుటలలో వాడు పలికిన మాటలు వ్రేళ్లపై లెక్కపెట్టవచ్చును. అందు గొంత దాలి, కొంత వట్టి పొగ. సంపాదకుడొకడు కత్తెర పట్టియున్న బాగుండెడిది.

ఇంతవఱకు మెచ్చుకోలు. ఇక జంకవలసిన విషయము.

అమెరికా పండితురాలు జానిసు రాడ్వే 1984లో 'రీడింగ్ ది రొమాన్స్' అను గ్రంథము వ్రాసినది. ప్రణయనవలలను వదలక చదువు గృహిణులను గలిసి, మీరేల చదువుచున్నారని యామె యడిగినది. ఇంటిచాకిరిలో దమకని మిగుల్చుకొన్న కాలమిదియొక్కటే యని పలువురు చెప్పిరి. ఆ మాట మన యిల్లాండ్రు చెప్పినట్లే యున్నది. కాని రాడ్వే మఱియొకటి కనిపెట్టినది: నాయకుని కరకుదనము లోలోపలి ప్రేమకు ముసుగేయని కడపట దేలుటచేత, ఈ నవలలు మగవాని మొఱటుదనమును బ్రేమగ జదువుకొనుటను స్త్రీకి నేర్పుచున్నవి. ఈ యాక్షేపణను దేలికగ ద్రోసివేయరాదు. అమెరికా మాట యటుంచుడు. కళాశాలకు బోవు పిల్లను వెంటబడి వేధించినవాడే కడపట నాయకుడై పూలదండ వేయించుకొను కథలను మన తెలుగు చలనచిత్రములు దశాబ్దముల తరబడి చూపినవి. 'కసురుచున్నాడనగా నీపై మనసున్నదన్నమాట' యని చెలికత్తె చెప్పుమాట యెన్ని కాపురములను గాల్చినదో లెక్క వ్రాసినవారు లేరు.

కావున వైరముతో మొదలిడు నవలలన్నింటిని నొక్క గాటను గట్టక, అందు వైరము సమానులది యా, కాదా యని చూడవలెను. జాస్మినును ఐవానును సమానులు. వాడొక మాటన్న నామె రెండనును. వాడామెను విసరిన నామె దిగును. ఆమె లేనిదే వాని యాటయు లేదు. 2016లో వచ్చిన జపాటా నవల 'ది వాల్ ఆఫ్ విన్నిపెగ్ అండ్ మీ'యం దట్లు గాదు. అందు నాయకుడు ఐడెను గ్రేవ్సు అమెరికను ఫుట్‌బాలు వీరుడు. నాయిక వనెస్సా వాని జీతగత్తె. వాని భోజనము, బట్టలు, ఉత్తరములు చూచుట యామె పని. వాడు 'మేలుకొంటివా' యనడు, 'మేలు చేసితి' వనడు. వాని వ్యవహారకర్త యామెను దూలనాడుచుండగా విని యూరకుండును. అది చెవిని బడి యామె యుద్యోగము మానివేయును. ఈ మానివేయు ఘట్టము నవలకంతటికిని ప్రాణము. తరువాత వా డామె గుమ్మమునకు వచ్చి నిలుచును; కెనడా దేశస్థుడగుటచే నమెరికాలో నిలుచుటకై తన్ను బెండ్లియాడుమనును; ప్రతిఫలముగ నామె చదువుటప్పులు తీర్చెదననును. ఇట్లు జీతగత్తె ఋణగ్రస్తురాలగు వధువైనది. నిదానముగ రగులు ప్రేమయం దీ రచయిత్రికి గల నేర్పంతయు నిందు గలదు, చదువుట మానలేకపోతిమి. అయినను వాని మౌనమునకు మూల్యము నామెయే చెల్లించినది. వాడు చెల్లించినది ధనము. ఈ తూకము మాకు సరిపడలేదు.

తెలుగు చదువరులకీ యజమాని-యుద్యోగిని కథ పాతదే. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1960ల దశకమున ధారావాహికముగ వెలువడి మన యిండ్లలో గలిగించిన సంచలన మింతింత గాదు; 1976లో చలనచిత్రమును నైనది. రాజశేఖరము యజమాని, జయంతి యుద్యోగిని. ఇరువురకు నడ్డుగోడ యాత్మాభిమానము. నేడు మనుమరాలి చేతి పుస్తకమును జూచి విసుగుకొను నమ్మమ్మ యారోజున పత్రిక వచ్చు తేదికై వీధిగుమ్మమున నిలుచుండినదే కదా. రుచి మాఱలేదు, పాత్ర మాఱినది. కారునుండి దిగు నాయకునికి మాఱుగ మంచురంగమున దిగువాడు వచ్చినాడు. ఒక్కటి మాత్రము నిజముగ మాఱినది: అప్పటి నాయిక యుద్యోగము వివాహము వఱకే, నేటి నాయిక పోటీకి బోవుట మానదు.

హన్నా గ్రేసు 2022లో వెలువరించిన 'ఐస్‌బ్రేకర్'ను గూర్చి క్లుప్తముగ జెప్పెదము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమొకదానిలో హాకీజట్టు రంగము పాడయి, స్కేటింగువారితో నొకే మంచును బంచుకొనవలసివచ్చుట వలన నాయికానాయకులకు దగవు. తగవునకు గారణము చక్కగ గుదిరినది. నాయికతో జంటగా నాడువా డామె యేమి తినవలెనో యేమి తినరాదో శాసించుచుండగా, నాయకుడు కడుపునిండ దినుమనును. ఆ భాగము మెచ్చదగినది. కాని యిందు నిదానము లేదు, వైరము త్వరలోనే చల్లాఱినది. అట్టమీద జిన్నపిల్లల బొమ్మలవంటి బొమ్మలున్నను లోపల శయ్యాగార వర్ణనములు దాపఱికము లేక యున్నవి. అట్టను జూచి పదమూడేండ్ల పిల్లకు బహుమతిగ గొనువారు ముందుగ దాము చదువుట మేలు. వర్ణనములు గలవని నిషేధింపుమని మా భావము గాదు; మన ప్రబంధములను జదివినవారమే కదా మనము. ఎవరి చేతికేది యిచ్చుచున్నామో తెలిసి యిత్తము.

మఱియొక చెడ్డయు గలదు. 2023లో ఉత్తరామెరికా హాకీయాటగా డొకడును వాని భార్యయు, ఈ నవలల యభిమానులు వానిని నవలానాయకునిగ నెంచి బహిరంగముగ వ్రాయుచున్న యసభ్యవాక్యములను మాన్పుడని వేడుకొనవలసివచ్చెను. బొమ్మను బ్రేమించుట వేఱు, మనిషిని బొమ్మగ జేయుట వేఱు. ఈ పని యింతకాలము పురుషులు స్త్రీలకు జేసిరి గదా యని సమర్థించువారిని మేము జూచితిమి. ఆ వాదము సంస్కరణ గాదు, ప్రతీకారము.

రేచెల్ రీడు 2019లో వ్రాసిన 'హీటెడ్ రైవల్రీ'ని జెప్పక విడువరాదు. 2025లో కెనడాయందు ధారావాహిక చిత్రముగ వచ్చి మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. ఇందు బ్రేమించుకొనువారిరువురును పురుషులు. ఒకడు మాంట్రియలు జట్టువాడు, ఒకడు బోస్టను జట్టున నాడు రష్యనుడు. లోకము దృష్టిలో బద్ధవైరులు. ఇందు దేహముల కలయిక మొదటనే జరిగిపోవును; ఏండ్లు పట్టునది 'ప్రేమ' యను మాటను నోట బలుకుటకు. జాస్మిను కథలో మనసు నెఱుగక నిదానము, ఇందు మనసెఱిగియు లోకమునకు వెఱచి నిదానము. రెండవ నిదానమే యెక్కువ బాధాకరము. 2018లో మన సర్వోన్నత న్యాయస్థానము స్వలింగప్రేమ నేరము గాదని తీర్పు చెప్పినది. ఇండ్లలో దీర్పులింకను రావలసియున్నవి. వైరమను ముసుగు తప్ప వేఱు చోటు లేని ప్రేమ యుండునని యీ పుస్తకము చూపినంత చక్కగ బై పుస్తకములేవియు జూపలేదు.

మన భాషలో నిట్టి నవల యేల వ్రాయరాదు? క్రీడాకారిణులు మనకు లేకనా? 2000 సిడ్నీ ఒలింపిక్సున శ్రీకాకుళపు గరణం మల్లీశ్వరి మొత్తము 240 కిలోల బరువెత్తి, ఒలింపిక్సు పతకము గొన్న మొదటి భారతవనిత యైనది. పి. వి. సింధు 2016లో రజతమును, 2021లో జరిగిన టోక్యో పోటీలలో గాంస్యమును దెచ్చినది. 2025లో బ్రపంచ మహిళా క్రికెట్టు కప్పు గెలిచిన భారతజట్టున గడప జిల్లా బాలిక శ్రీచరణి యాడినది. ఇన్ని పేరులున్నను మన నవలానాయిక బరువెత్తదు, పరుగెత్తదు, చెమట పట్టదు; పట్టినను ముత్యములవలెనే పట్టును. అభ్యాసమునకు బంపిన తండ్రి, 'ఎండలో నల్లబడునే' యను నత్త, జిల్లా పోటీకి రైలులో గూర్చుండి పోయిన రాత్రి, ఆ పోటీలో దన్నోడించినవానిపై గల కసి: ఇవన్నియు నెవరి కలమునకో కాచుకొనియున్నవి.

వ్రాయుట కాక తెనిగింప దలచువారికి మాత్ర మొక చిక్కు గలదు. ఆంగ్లమున నెదుటివానిని బిలుచుట కొక్కటే సర్వనామము. మనకు 'మీరు', 'నువ్వు' అని రెండు. ఐడెను-వనెస్సాల కథ తెలుగున సులభముగ నొదుగును. రెండువందల పుటలు 'మీరు' అని నడిపి, ఒక రాత్రి వంటయింటిలో నామె నోట 'నువ్వు' జాఱనిచ్చినచో, ఆంగ్లరచయిత్రికి బది పుటలు పట్టిన పని యొక్క మాటతో దీఱును. జాస్మినుతోనే కష్టము. ఆమెయు నైవానును మొదటినుండియు 'నువ్వు' అనియే తిట్టుకొందురు. వా డామెను వెక్కిరింప బెట్టిన 'మీట్‌బాల్' అను పేరే తుదకు ముద్దుపేరైనది; మాట మాఱలేదు, పలుకు గొంతు మాఱినది. మొదటి పుటలోని 'నువ్వు'కును చివరి పుటలోని 'నువ్వు'కును నడుమ గల దూరమును, ఆ యక్షరములను మార్పకయే, తెలుగు చదువరి చెవికి వినిపించుట యెట్లో తెనిగించువారు యోచింపవలెను.